ఇంజిన్ వేడెక్కుతోందా? పార్టులు మార్చకముందే కారణం పట్టుకునే పద్ధతి

మా కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా వేడెక్కేది. వేగం అందుకోగానే టెంపరేచర్ మీటర్ ముల్లు మళ్లీ కిందికి దిగేది. మొదట రేడియేటర్ మార్చారు. పది రోజులకే మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌కు, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవానికి, దారి తెరిచే పార్టు) మార్చారు, ఆ తర్వాత వాటర్ పంప్. మూడు బిల్లులు కట్టాక, "హెడ్ గ్యాస్కెట్ పోయినట్టుంది, హెడ్ దించాలి" అన్నారు. (హెడ్ అంటే ఇంజిన్ పై భాగం, గ్యాస్కెట్ అంటే దాని కింద బిగించే సీల్.) అప్పుడు బండిని ఇంకో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన స్పానర్ పట్టుకోకముందే ఒక ప్రశ్న అడిగారు. "ఎప్పుడు వేడెక్కుతోంది, ఆగినప్పుడా, నడుస్తున్నప్పుడా?" నేను చెప్పగానే ఫ్యూజు బాక్సు తెరిచి, అగ్గిపెట్టె కంటే చిన్న రిలే ఒకటి ఊడదీసి నా చేతిలో పెట్టారు. దాని కాళ్లలో ఒకటి నల్లగా మాడిపోయి ఉంది. రేడియేటర్ ఫ్యాన్‌కు కరెంటు అందేది దాని ద్వారానే.

ఆ మూడు పార్టులూ బాగున్నవే. అనవసరంగా పోయాయి. కూలింగ్ సిస్టమ్ రిపేర్లు ఇంత ఖరీదు కావడానికి నాకు రెండే కారణాలు కనిపిస్తాయి. ఒకటి, పరీక్ష చేయకుండా పార్టులు మార్చడం. రెండోది, ముల్లు పైకి లేచాక కూడా "ఇంకొంచెం దూరమే కదా" అని బండి నడపడం. ఈ రెండూ మన చేతిలో ఉన్నవే. అందుకే ఏ పరీక్ష ముందు, ఏది తర్వాత అన్నది వరుసగా చెప్తాను.

ముందుగా: రోడ్డు మీద వేడెక్కితే

1. వెంటనే ఏసీ ఆపండి. హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, బ్లోయర్ గట్టిగా పెట్టండి. ఉక్కపోసినా సరే. క్యాబిన్ హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. పక్కకు చేరేలోపు ఇంజిన్ వేడి కొంత అటు పోతుంది.

2. సురక్షితమైన చోటు దొరకగానే ఆపి, ఇంజిన్ ఆఫ్ చేయండి. ముల్లు ఎర్ర గీత తాకినా, ఎర్ర లైటు వెలిగినా ఇంటిదాకా లాగే ప్రయత్నం అస్సలు వద్దు. అల్యూమినియం హెడ్ వంకర తిరగడానికి కొద్ది నిమిషాలు చాలు.

3. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపి కీ ఆన్‌లో ఉంచితే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. మీ కారు అలాంటిదైతే కాసేపు అలాగే వదిలేయండి. బానెట్ కింద నుంచి ఆవిరి వస్తుంటే అది తగ్గాకే తెరవండి.

4. రేడియేటర్ లేదా కూలెంట్ ట్యాంక్ మూత ముట్టుకోవద్దు. కనీసం అరగంట, వీలైతే గంట ఆగండి. రేడియేటర్ పై హోస్‌ను (రబ్బరు గొట్టాన్ని) గుడ్డతో పట్టుకుని నొక్కి చూడండి. ఇంకా గట్టిగా ఉంటే లోపల ప్రెషర్ ఉన్నట్టే.

5. చల్లారాక మూతను మందపాటి గుడ్డతో మెల్లగా, కొంచెం కొంచెంగా తిప్పండి. కూలెంట్ లేకపోతే మంచినీళ్లు పోసినా పర్వాలేదు, అత్యవసరానికి అది చాలు. వేడి ఇంజిన్‌లో మాత్రం చన్నీళ్లు గుమ్మరించొద్దు, లోహం పగిలే ప్రమాదం ఉంది.

మూత విషయంలో ఎందుకింత జాగ్రత్త అంటే, సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపిన ద్రవం మామూలుగా సుమారు 106 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. మూత 15 పీఎస్ఐ ప్రెషర్ పట్టి ఉంచితే 129 డిగ్రీల దాకా మరగదు. అంటే లోపల 115 డిగ్రీల ద్రవం ప్రశాంతంగా ఉండొచ్చు. మూత తీసిన మరుక్షణం ప్రెషర్ పోయి అదంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. చేతులు, మెడ కాలినవాళ్లు ఎందరో ఉన్నారు. దయచేసి తొందరపడకండి.

తిరిగి స్టార్ట్ చేశాక వేడి మళ్లీ పెరుగుతుంటే టోయింగ్ బండి పిలవండి. ఆ ఖర్చు హెడ్ పని ముందు చాలా చిన్నది.

ముల్లును పూర్తిగా నమ్మొద్దు

చాలా కార్లలో కూలెంట్ 80 డిగ్రీలు ఉన్నా, 105 ఉన్నా ముల్లు మధ్యలోనే నిలబడేలా తయారు చేస్తారు. అది కదిలే సరికే పరిస్థితి చెయ్యి దాటుతూ ఉంటుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. కూలెంట్ బాగా కారిపోతే సెన్సర్ ద్రవంలో కాక గాలిలో ఉంటుంది కాబట్టి ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోవచ్చు. ఇంజిన్ మాడుతుంటే మీటర్ చల్లగా ఉందని చూపిస్తుంది. అప్పటిదాకా వేడిగా వచ్చిన హీటర్ గాలి ఉన్నట్టుండి చల్లబడితే అనుమానించాల్సింది ఇదే.

అందుకే స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ (కారు కంప్యూటర్ సమాచారం చదివే) సాకెట్‌కు తగిలించే చిన్న రీడర్ ఒకటి కొని పెట్టుకోమంటాను. ఫోన్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత అంకెల్లో కనిపిస్తుంది. వేడెక్కిన ఇంజిన్ మామూలుగా 85 నుంచి 105 మధ్య ఉంటుంది. 110 దాటి ఇంకా పెరుగుతూ పోతుంటే ఆపాల్సిందే. ఈ గైడ్‌లోని సగం పరీక్షలకు ఆ అంకె పనికొస్తుంది.

అసలు ప్రశ్న: ఎప్పుడు వేడెక్కుతోంది?

షెడ్డుకు వెళ్లేముందు ఈ ప్రశ్నకు జవాబు రాసిపెట్టుకోండి. సగం రోగం ఇక్కడే దొరుకుతుంది.

ట్రాఫిక్‌లో, సిగ్నల్ దగ్గర వేడెక్కి, వేగంగా పోతే చల్లబడుతుంటే మొదటి అనుమానం ఫ్యాన్ మీద. బండి వేగంగా వెళ్తున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాన్ అవసరం పెద్దగా ఉండదు. ఆగినప్పుడు మాత్రం ఆ పనంతా ఫ్యాన్‌దే.

ఊళ్లో బాగుండి హైవే మీద వేడెక్కితే అనుమానం ఫ్యాన్ మీద కాదు, ద్రవం సరిగా తిరగకపోవడం మీద. రేడియేటర్ లోపల పూడుకుపోయి ఉండొచ్చు. థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటూ ఉండొచ్చు. పంప్ రెక్కలు అరిగిపోయి ఉండొచ్చు, కింది హోస్ మెత్తబడి వేగంలో లోపలికి అణిగిపోతూ కూడా ఉండొచ్చు.

స్టార్ట్ చేసిన ఐదారు నిమిషాల్లోనే వేడెక్కితే థర్మోస్టాట్ మూసుకుపోయిందనో, కూలెంట్ లేదనో, లోపల గాలి ఇరుక్కుందనో అనుకోవాలి. ఘాట్ ఎక్కేటప్పుడు, లోడు ఉన్నప్పుడు మాత్రమే వేడెక్కి, పైగా కూలెంట్ కూడా తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ గురించి ఆలోచించాలి. అది వరుసలో చివరిది. మొదటిది ఎప్పటికీ కాదు.

మెట్టు 1: కూలెంట్ ఎక్కడికి పోతోంది?

కూలింగ్ సిస్టమ్ మూసి ఉన్న వలయం. బాగున్న బండిలో నెలకోసారి టాప్ అప్ చేయాల్సిన పని ఉండకూడదు. "కొంచెం తగ్గడం మామూలే" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పోతోందంటే ఎక్కడికో పోతోంది.

పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ట్యాంక్ మీద మార్కర్‌తో గీత పెట్టండి. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి ఉంచండి. ఏసీ నీళ్లకు రంగు ఉండదు, జిగట ఉండదు. కూలెంట్‌కు రంగుంటుంది, వేళ్ల మధ్య జారుతుంది, తియ్యటి వాసన వస్తుంది. (ఆ తీపికే కుక్కలూ పిల్లులూ నాకుతాయి. కూలెంట్‌లోని ఇథిలిన్ గ్లైకాల్ వాటికీ, పిల్లలకూ ప్రాణాంతక విషం. కారినచోట వెంటనే నీళ్లతో బాగా కడగండి. పాత కూలెంట్ డబ్బాలో పట్టి షెడ్డుకు అప్పగించండి, కాలువలో పారబోయకండి.)

తర్వాత టార్చి పట్టుకుని వెతకండి. కారిన చోట అన్నిసార్లూ తడి ఉండదు. వేడికి ఆరిపోయి తెల్లగానో, కూలెంట్ రంగులోనో ఉప్పు పేరినట్టు చార మిగులుతుంది. చూడాల్సిన చోట్లు ఇవి.

- రేడియేటర్ పక్కల ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం జాలి కలిసే అతుకు. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, నల్లటిది గోధుమ రంగుకు తిరుగుతుంది.
- హోస్‌లు. చల్లగా ఉన్నప్పుడు చేత్తో నొక్కండి. లోపల కరకరమన్నా, క్లాంప్ దగ్గర ఉబ్బినా, పైన సన్నటి పగుళ్లు కనిపించినా ఆ హోస్ మార్చే టైమొచ్చింది.
- వాటర్ పంప్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీల్ పోతే ద్రవం అక్కడ నుంచి కారి తెలిసేలా కావాలనే పెట్టిన రంధ్రమది. అక్కడ చార కనిపిస్తే పంప్‌కు రోజులు దగ్గరపడ్డట్టే.
- ముందు సీట్ల దగ్గర కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి. తడిగా, తియ్యటి వాసనతో ఉండి, అద్దం మీద జిడ్డుగా ఆవిరి పడుతుంటే క్యాబిన్ హీటర్ లోపలి భాగం కారుతోంది.

కంటికి ఏమీ దొరక్కపోతే ప్రెషర్ టెస్ట్ చేయించండి. మూత ఉన్న చోట చేతి పంపు తగిలించి, మూత మీద రాసి ఉన్నంత ప్రెషర్ ఎక్కించి, పది పదిహేను నిమిషాలు ముల్లు చూడడమే. పడిపోతుంటే లీకు ఉంది. ఇది చిన్న పరీక్ష. ఇది చేయకుండా రేడియేటర్ మార్చమంటే "ముందు ప్రెషర్ టెస్ట్ చేసి చూపించండి" అని అడిగే హక్కు మీకుంది.

మెట్టు 2: మూత

మొత్తం సిస్టమ్‌లో ఖర్చు తక్కువైన పార్టు ఇదే, అందరూ మర్చిపోయేదీ ఇదే. మూత లోపలి రబ్బరు చుట్టూ వేలు తిప్పి చూడండి. గట్టిపడినా, పగుళ్లున్నా, నొక్కినచోట గుంట పడినా అది ప్రెషర్ పట్టదు. ప్రెషర్ లేకపోతే కూలెంట్ తొందరగా మరిగి ట్యాంక్ నుంచి పొంగిపోతుంది. చూసినవాళ్లు హెడ్ గ్యాస్కెట్ అనుకుంటారు. ప్రెషర్ టెస్టర్‌తోనే మూతనూ పరీక్షించొచ్చు. కొత్తది కొంటే పాతదాని మీద ఉన్న అంకెనే చూసి కొనండి. ఎక్కువ ప్రెషర్ మూత పెడితే మంచిదనుకుంటే పాత హోస్‌లు, ప్లాస్టిక్ ట్యాంకులు పగులుతాయి.

మెట్టు 3: ఫ్యాన్

ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో ఏసీ వేసిన కాసేపటికే రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి. తిరిగితే మోటర్ బాగున్నట్టే. ఇప్పుడు ఏసీ ఆపి, బండిని నిలబెట్టి నడవనివ్వండి. రీడర్‌లో అంకె 95 నుంచి 105 మధ్యకు వచ్చేసరికి ఫ్యాన్ తనంతట తానే అందుకోవాలి. ఏసీకి తిరిగి, వేడికి తిరగకపోతే ఉష్ణోగ్రత సెన్సర్‌నో దాని వైరింగ్‌నో చూడాలి. రెండింటికీ తిరగకపోతే ఫ్యూజు, రిలే, ఆ తర్వాత కనెక్టరు, చివరికి మోటర్.

రిలే పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. ఫ్యూజు బాక్సు మూత మీద బొమ్మ ఉంటుంది. అదే నంబరున్న ఇంకో రిలే, చాలాసార్లు హారన్‌ది, తీసి ఫ్యాన్ రిలే చోట పెట్టి చూడండి. తిరిగితే దొంగ దొరికినట్టే. రెండు వేగాలున్న ఫ్యాన్లలో మొదటి వేగం రెసిస్టర్ (కరెంటు తగ్గించే పార్టు) మాడిపోతే, ఫ్యాన్ నెమ్మదిగా తిరగాల్సినప్పుడు తిరగదు, బాగా వేడెక్కాక ఒక్కసారిగా పెద్ద చప్పుడుతో అందుకుంటుంది. ఆ లక్షణానికి మోటర్ మొత్తం మార్చకండి, రెసిస్టర్ గురించి అడగండి.

ఇంజిన్ ఆపినా ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఏ క్షణమైనా తిరగొచ్చు. వేళ్లు, చున్నీలు, వదులు చొక్కా చేతులు దూరంగా ఉంచండి.

ఇదే సమయంలో రేడియేటర్ ముందు కూడా చూడండి. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఇరుక్కున్న దుమ్ము, పురుగులు, ఆకులు బయటికి కనిపించవు. ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ధారతో నీళ్లు కొట్టండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే సన్నటి రేకులు పడుకుంటాయి, అప్పుడు గాలి దారే మూసుకుపోతుంది.

మెట్టు 4: థర్మోస్టాట్

థర్మోస్టాట్ లోపల మైనం ఉంటుంది. వేడికి అది కరిగి ఉబ్బి, ఒక పుల్లను నెట్టి దారి తెరుస్తుంది. దాని మీద తెరుచుకునే ఉష్ణోగ్రత చెక్కి ఉంటుంది, చాలా వాటిలో 82 లేదా 88. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రెండు రేడియేటర్ హోస్‌లనూ గమనించండి. మొదట ఒకటి చల్లగా ఉండి, అంకె ఆ ఉష్ణోగ్రత దాటాక కొద్దిసేపట్లో రెండోదీ వేడెక్కాలి. 100 దాటినా ఒకటి చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండొచ్చు.

విప్పి తీసినా, కొత్తది బిగించేముందైనా, గిన్నెలో నీళ్లు పోసి దారంతో వేలాడదీసి మరిగించండి. గిన్నె అడుగుకు తగలకూడదు. థర్మామీటర్ ఉంటే తెరుచుకునే అంకె కూడా తెలుస్తుంది. నీళ్లు మరుగుతున్నా నోరు తెరవని థర్మోస్టాట్‌ను ఒక్కసారి చూస్తే ఇక ఎప్పటికీ మర్చిపోరు.

దీనికి వ్యతిరేకమైన జబ్బు కూడా ఉంది. థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోతే ఇంజిన్ వేడెక్కదు, మైలేజీ పడిపోతుంది, రీడర్‌లో పీ0128 కోడ్ రావచ్చు. "థర్మోస్టాట్ తీసి పారేద్దాం, ఇక వేడెక్కదు" అనే సలహా వింటే ఒప్పుకోకండి. ఇంజిన్ ఎప్పుడూ చల్లగా నడిచి అరుగుతుంది. కొన్ని ఇంజిన్లలో బైపాస్ (రేడియేటర్‌ను తప్పించే) దారి మూసుకోక, రేడియేటర్‌కు చేరాల్సిన ద్రవం అటు పోయి ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది.

మెట్టు 5: హెడ్ గ్యాస్కెట్ అనే ముందు

అందరికీ టెన్షన్ పుట్టించే పేరు ఇదే. అందుకే ఆధారం లేకుండా దీన్ని ఒప్పుకోకూడదు. పాలలాంటి ఆయిల్ కనిపించగానే, కూలెంట్ కలిసిందని తీర్పు చెప్పేస్తారు. కానీ చలికాలంలో చిన్న చిన్న దూరాలే తిరిగే బండిలో ఆయిల్ మూత కింద కొంచెం తెల్లటి నురగ మామూలు తేమే కావచ్చు. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ కూడా పాలరంగులో ఉంటేనే అది గట్టి ఆధారం.

చూడాల్సినవి వేరే ఉన్నాయి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే, కూలెంట్ ఇంకా వేడెక్కకముందే, పై హోస్ రాయిలా బిగుసుకుపోవడం. రాత్రంతా చల్లారిన బండి మూత తీయగానే పొద్దున బుస్సుమనడం. ట్యాంకులో ఆగకుండా బుడగలు. వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో చిక్కటి తెల్ల పొగ.

వీటిలో ఏది కనిపించినా బ్లాక్ టెస్ట్ అడగండి. ట్యాంక్ నోటి మీద గాజు గొట్టం పెట్టి, లోపలి గాలిని ఒక నీలం ద్రవం గుండా పీలుస్తారు. మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే అందులోని కార్బన్ డయాక్సైడ్‌కు నీలం పసుపుగా మారుతుంది. లీకు చిన్నదైతే ఒక్కసారికి దొరక్కపోవచ్చు, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మళ్లీ చేయించండి. దానికి తోడు కంప్రెషన్ టెస్ట్‌నో లీక్‌డౌన్ టెస్ట్‌నో (సిలిండర్‌లో ప్రెషర్ నిలుస్తోందో లేదో చూసే పరీక్షలు) చేస్తే ఏ సిలిండరో కూడా తెలుస్తుంది.

హెడ్ దించక తప్పదని తేలితే ఈ మూడూ ముందే మాట్లాడుకోండి. హెడ్ చదునుగా ఉందో లేదో స్కేలు, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులతో) కొలిచి అంకె చెప్పాలి. పగుళ్ల కోసం ప్రెషర్ పరీక్ష చేయాలి. హెడ్ బోల్టులు ఒక్కసారికే పనికొచ్చే రకమైతే కొత్తవి వేయాలి. వంకర పరిమితి చాలా ఇంజిన్లలో మిల్లీమీటర్‌లో పదో వంతు లోపే. కళ్లతో చూసి "బానే ఉంది" అంటే చాలదు. పైగా మొదట వేడెక్కించిన కారణం ఏదో కూడా బాగుచేయాలి, లేకపోతే కొత్త గ్యాస్కెట్ కూడా అదే దారి పడుతుంది.

మెట్టు 6: నింపడం, గాలి తీయడం

రిపేరు బాగా చేసి ఇక్కడ చెడగొట్టుకున్నవాళ్లు చాలామంది. కూలెంట్ రంగు చూసి కొనకండి, రంగుకు ఒక ప్రమాణం లేదు. కారు పుస్తకంలో రాసిన స్పెసిఫికేషన్ చూడండి. వేర్వేరు రకాలు కలిపితే తుప్పు ఆపే గుణం తగ్గుతుంది, కొన్నిసార్లు బురదలా పేరుకుంటుంది. గాఢంగా ఉన్నదైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి. ముందే కలిపి అమ్మేదాంట్లో మళ్లీ నీళ్లు పోయొద్దు. కుళాయి నీళ్లలోని ఖనిజాలు లోపల పొలుసు కడతాయి. ఉత్త నీళ్లతో నెలల తరబడి నడిపితే తుప్పు పడుతుంది, పంప్ సీల్ తొందరగా పోతుంది.

బండి ముందు భాగం కొంచెం ఎత్తులో ఉండేలా నిలిపి, హీటర్ పూర్తి వేడికి పెట్టి, మెల్లగా పోయండి. బ్లీడ్ స్క్రూ (గాలి బయటికి వదిలే స్క్రూ) ఉంటే బుడగలు లేని ధార వచ్చేదాకా తెరిచి మూయండి. మూత తీసి ఉంచే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ తెరుచుకుని మట్టం దిగేకొద్దీ పోస్తూ ఉండండి. కొన్ని కార్లకు ప్రత్యేక పద్ధతి ఉంటుంది, వాటికి కారు పుస్తకంలో ఉన్నట్టే చేయాలి. హీటర్ నుంచి నిలకడగా వేడి గాలి వస్తే గాలి పోయినట్టు. లోపల గడగడమన్న చప్పుడు వినిపిస్తుంటే ఇంకా ఉంది.

లీకు ఆపే పొడులు, డబ్బా ద్రవాలు నేను వాడను. అవి చిల్లును మూసినా, సన్నటి హీటర్ గొట్టాలనూ మూస్తాయి. అడవి దారిలో ఇరుక్కుంటే తప్ప వాటి జోలికి వెళ్లొద్దు.

షెడ్డులో మాట్లాడేటప్పుడు

"కూలింగ్ మొత్తం చూడండి" అనకండి. మీరు రాసుకున్నది చెప్పండి. ఎప్పుడు వేడెక్కింది, ఎంత అంకె, కూలెంట్ ఎంత తగ్గింది, ఫ్యాన్ తిరిగిందా, హీటర్ గాలి ఎలా వచ్చింది. ఆ తర్వాత ప్రతి పార్టుకూ ఒకే ప్రశ్న: "ఇదే పోయిందని ఏ పరీక్షలో తేలింది?" మంచి మెకానిక్ ఈ ప్రశ్నకు నొచ్చుకోడు. పాత పార్టులు తిరిగి ఇవ్వమని, అంచనా కాగితం మీద రాయమని ముందే అడగండి.

లేబర్ కలిసొచ్చే పనులు కలిపి చేయించండి. టైమింగ్ బెల్టుతో నడిచే వాటర్ పంప్ అయితే, బెల్టు మార్చేటప్పుడే పంపూ మార్చడం తెలివైన పని, విప్పే కష్టమంతా ఒకటే కాబట్టి. రేడియేటర్ మార్చేటప్పుడు పాతబడ్డ హోస్‌లు కూడా.

పని అయ్యాక మొదటి వారం రోజూ పొద్దున చల్లటి ఇంజిన్ మీద ట్యాంక్ గీత చూడండి. గాలి సర్దుకుని మొదటి రెండు రోజులు కొంచెం దిగడం సహజం. ఆ తర్వాత కూడా దిగుతుంటే గ్యారంటీ ఉండగానే బండిని వెనక్కి తీసుకెళ్లండి. ఏ కూలెంట్ పోశారో, ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గరో ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల కనిపించే చోట అతికించండి. తర్వాత ఎవరు బానెట్ ఎత్తినా, ఏది పోయాలో ఆ చీటీ చూసే పోస్తారు.